మాయలు లేని ఆర్థర్: ఏ నవలతో మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: చిన్నప్పుడు ఆర్థర్ రాజు, మెర్లిన్, రాతిలో దిగిన కత్తి కథలు పిల్లల పుస్తకాల్లో చదివారు. ఈమధ్య భైరప్ప గారి ‘పర్వ’ చదివాక, మహాభారతాన్ని ఆయన మనుషుల కథగా రాసినట్టు బ్రిటన్ పాత గాథల్ని కూడా ఎవరైనా రాశారా, రాస్తే ఎక్కడ మొదలుపెట్టాలి అని వెతుకుతున్నారు. అసలు ఆర్థర్ అనేవాడు ఉన్నాడా? తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయికి ఈ పుస్తకాలు ఇవ్వొచ్చా?

రాశారు, చాలా గొప్పగా రాశారు. చాలా ఏళ్లుగా ఈ నవలల్ని వెతుక్కుని మరీ చదువుతున్నాను కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను. తొందరలో ఉంటే ఇంతవరకే తీసుకోండి: మొదట రోజ్‌మెరీ సట్‌క్లిఫ్ రాసిన ‘స్వోర్డ్ ఎట్ సన్‌సెట్’, ఆ తర్వాత బెర్నార్డ్ కార్న్‌వెల్ మూడు పుస్తకాలు.

ఆర్థర్ ఉన్నాడా అన్న ప్రశ్నను ముందు తీసుకుంటాను. ఈ నవలలన్నీ ఆ జవాబులో ఉన్న ఖాళీలోంచే పుట్టాయి.

బ్రిటన్‌లో రోమన్ పాలన క్రీ.శ. 410 ప్రాంతంలో ముగిసింది. సైన్యం వెళ్లిపోయింది. కొత్త నాణేలు రావడం ఆగిపోయింది. పట్టణాలు పాడుబడ్డాయి. సముద్రం దాటి వచ్చిన శాక్సన్లు, ఆంగిల్స్ తూర్పు తీరంలో స్థిరపడి క్రమంగా లోపలికి జరిగారు. ఆ రోజుల గురించి అక్కడివాళ్లే రాసినవి దాదాపు ఏమీ మిగల్లేదు. ఆరో శతాబ్దంలో గిల్డాస్ అనే క్రైస్తవ మతాధికారి తన కాలపు రాజుల్ని తిట్టిపోస్తూ ఒక గ్రంథం రాశాడు. అందులో అంబ్రోసియస్ ఆరెలియానస్ అనే రోమన్ కుటుంబపు నాయకుడు ఉన్నాడు. బేడన్ కొండ దగ్గర బ్రిటన్లు గెలిచిన యుద్ధం ఉంది. ఆర్థర్ పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఆ పేరు యుద్ధాల జాబితాతో సహా కనిపించేది దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత, 829-30 ప్రాంతంలో వేల్స్‌లో కూర్చిన ‘హిస్టోరియా బ్రిటోనమ్’లో. అక్కడ ఆర్థర్ రాజు కాడు, రాజుల తరఫున పోరాడే సేనాని. పన్నెండు యుద్ధాలు చేశాడని, చివరిదైన బేడన్‌లో ఒక్క రోజులో, ఒక్క దాడిలో, ఒక్కడే 960 మందిని కూల్చాడని రాశారు. ఆ అంకె చూస్తే చాలు, చరిత్ర అనుకుని రాసుకున్న దాంట్లోకి అప్పటికే గాథ దూరిపోయిందని తెలిసిపోతుంది. ఆ తర్వాత వేల్స్ వార్షిక వృత్తాంతాల్లో 516 కింద బేడన్, 537 కింద కామ్లన్ యుద్ధం కనిపిస్తాయి. రెండోదానిలో ఆర్థర్, మెద్రౌత్ పడిపోయారని ఉంది. ఈ మెద్రౌతే తర్వాతి కథల్లో మోర్డ్రెడ్. ఇద్దరూ ఒకే పక్షమా, శత్రువులా అన్న మాట కూడా అందులో లేదు. ఆర్థర్ ఉన్నాడని గానీ లేడని గానీ తేల్చడానికి ఈ ఆధారాలు చాలవు.

మరి మనం పిల్లల పుస్తకాల్లో చూసిన ఇనుప కవచాలు, రాతి కోటలు, గుండ్రటి బల్ల? అవన్నీ చాలా తర్వాత తొడిగిన బట్టలు. 1130ల్లో జెఫ్రీ ఆఫ్ మన్మత్ లాటిన్‌లో బ్రిటన్ రాజుల ‘చరిత్ర’ రాసి ఆర్థర్‌ను చక్రవర్తిని చేశాడు, మెర్లిన్‌ను ఆ కథలోకి తెచ్చాడు. 1155లో వాస్ అనే కవి గుండ్రటి బల్లను జోడించాడు. ఆ శతాబ్దంలోనే ఫ్రెంచి కవి క్రెతియాన్ ద త్రువా లాన్సెలాట్, రాణి గినివేర్‌ల ప్రేమకథ చెప్పాడు. ఆర్థర్ కొలువుండే కేమలాట్ పేరు మొదట కనిపించేది కూడా ఆయన దగ్గరే. వీటన్నిటినీ కలిపి మాలొరీ ఇంగ్లిష్ వచనంలో రాస్తే, కాక్స్‌టన్ 1485లో అచ్చువేశాడు. అంటే ఐదో శతాబ్దపు మనిషికి పదిహేనో శతాబ్దపు కవచం తొడిగారు. వాస్తవిక నవలాకారులు చేసే మొదటి పని ఆ కవచాన్ని విప్పడం.

కానీ విప్పడంతో పని అయిపోదు. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మాయను తీసేయడం ఎవరైనా చేయగలరు. అసలు కథలో ఆ మాయ చేస్తున్న పనిని దేనికి అప్పగించారన్న దాన్ని బట్టే నవల నిలబడుతుంది, కూలుతుంది. మంత్రాల్ని కొట్టేసి ఖాళీని అలాగే వదిలేసిన నవలలు బోలెడు ఉన్నాయి. వాటిలో ఆర్థర్ బురదలో కొట్టుకునే ఇంకో ముఠా నాయకుడిగా మిగిలిపోతాడు. పదిహేను వందల ఏళ్లుగా జనం అతన్ని ఎందుకు మర్చిపోలేదో మనకు అర్థం కాదు.

రాతిలోంచి కత్తి లాగే ఘట్టాన్నే చూడండి. కత్తి బయటికి రావడం అద్భుతమే, కానీ ఆ ఘట్టం తేల్చే సంగతి వేరు: పాలించే హక్కు ఎవరిది? మేరీ స్టూవర్ట్ ‘ద హాలో హిల్స్’ (1973)లో మెర్లిన్ వెతికి పట్టుకునేది మాక్సిమస్ కత్తిని. మాక్సిమస్ నిజంగా ఉన్నవాడు. 383లో బ్రిటన్‌లోని రోమన్ సైన్యం అతన్ని చక్రవర్తిగా ప్రకటించింది, 388లో చంపేశారు. వేల్స్ రాజవంశాలు తమ మూలపురుషుడిగా చెప్పుకునేది అతన్నే. సట్‌క్లిఫ్ నవలలో కూడా ఆర్థర్ కత్తి పిడిలో మాక్సిమస్ ముద్ర చెక్కిన మణి ఉంటుంది. ఇద్దరు రచయిత్రులూ దేవుడిచ్చిన గుర్తు స్థానంలో రోమ్ మిగిల్చి వెళ్లిన గుర్తును పెట్టారు. చేతులు మారుతూ వచ్చిన ఒక వస్తువును చూసి జనం ఒకడి వెనక నడుస్తారన్నది మనం నమ్మగలిగిన సంగతి. పైగా ఘట్టం బరువు ఏమాత్రం తగ్గలేదు.

ఇక సట్‌క్లిఫ్. ‘స్వోర్డ్ ఎట్ సన్‌సెట్’ 1963లో వచ్చింది. కామ్లన్‌లో గాయపడి చావుకు దగ్గరైన అర్టోస్, అంటే ఆర్థర్, తన కథ తానే చెబుతాడు. చరిత్రకారుడు కాలింగ్‌వుడ్ 1930ల్లో ఒక ఊహ చేశాడు: రోమన్ పద్ధతిలో వేగంగా కదిలే గుర్రపు దళాన్ని నడిపిన సేనానే ఆర్థర్ అయి ఉంటాడని, అందుకే అతని యుద్ధాలు దేశమంతా చెదురుమదురుగా ఉన్నాయని. చరిత్రకారులు ఇవాళ దానికి పెద్దగా విలువ ఇవ్వరు, నవలకు మాత్రం అది భలే ఉపయోగపడింది. శాక్సన్లు కాలినడకన పోరాడేవాళ్లు. వాళ్ల మీదికి సాయుధుణ్ని మోసుకుంటూ దూసుకెళ్లాలంటే బ్రిటన్‌లోని పొట్టి గుర్రాలు సరిపోవు. అందుకని అర్టోస్ సముద్రం దాటి దక్షిణ గాల్‌లోని (ఇప్పటి ఫ్రాన్స్) సెప్టిమేనియా సంతకు వెళ్లి పెద్ద జాతి గుర్రాల్ని కొంటాడు. వాటిని ఇంటికి తెచ్చి, స్థానిక గుర్రాలతో కలిపి, కొత్త జాతిని పెంచాలి. పిల్లలు పుట్టి, ఎదిగి, యుద్ధానికి తర్ఫీదు పొందడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు ఉన్నాయా లేవా అన్న టెన్షన్ నవల పొడవునా మనల్ని వదలదు. అద్భుత విజయాల వెనక ఉన్నది మంత్రం కాదు, పశుపోషణ. మేత, పచ్చిక, చలికాలం, ఈనే గుర్రాలు. ఆ పేజీలు నాకు యుద్ధాల పేజీల కన్నా ఎక్కువ ఇష్టం.

ఇంకోటి దగ్గరగా చూపిస్తాను. మాలొరీ కథలో గినివేర్ తండ్రి కట్నంగా గుండ్రటి బల్లను, దానితో పాటు వంద మంది నైట్లను ఇస్తాడు. సట్‌క్లిఫ్‌లో ఆ రాణి ఉత్తరాదిన ఒక తెగ నాయకుడి కూతురు, పేరు గ్వెన్‌హుమారా. కట్నం వంద మంది రౌతులు. బల్ల పోయింది, వంద మంది మిగిలారు. మనుషులు చాలక అల్లాడుతున్న సేనానికి వంద మంది రౌతులంటే మాటలు కాదు. అందుకోసం చేసుకున్న పెళ్లి ఎలా నడుస్తుందన్నది నవలలో పెద్ద భాగం. ఇందులో లాన్సెలాట్ లేడు, అతను ఫ్రెంచి కవుల చేర్పు అని ఆమెకు తెలుసు. ఆ చోటును వేల్స్ పాత కథల్లో ఆర్థర్‌కు కుడిభుజమైన బెద్విర్‌కు ఇచ్చింది. దాంతో ద్రోహం ఇంకా లోతుగా గుచ్చుకుంటుంది, ఎందుకంటే బెద్విర్ నిన్న మొన్న వచ్చిన అందగాడు కాడు, ప్రాణానికి ప్రాణమైన మిత్రుడు.

సట్‌క్లిఫ్‌కు చిన్నతనంలోనే కీళ్ల జబ్బు వచ్చింది, జీవితంలో ఎక్కువ భాగం వీల్‌చెయిర్‌లోనే గడిచింది. ఆమె నవలల్లో గాయపడిన శరీరాలు, అవిటితనంతో బతకడం, నొప్పిని భరిస్తూ పని చేసుకుపోవడం అంత కచ్చితంగా ఉండటానికి అది కూడా ఒక కారణమని నేను నమ్ముతాను.

కార్న్‌వెల్ దారి వేరు. ‘ద వింటర్ కింగ్’ (1995), ‘ఎనిమీ ఆఫ్ గాడ్’ (1996), ‘ఎక్స్‌కాలిబర్’ (1997) మూడూ కలిపి ఒకే కథ. చెప్పేవాడు డెర్వెల్. ఒకప్పుడు ఆర్థర్ దగ్గర యోధుడు, ఇప్పుడు ఒక చేయి పోగొట్టుకుని, చలికి వణుకుతూ మఠంలో బతుకుతున్న ముసలి సన్యాసి. మఠాధిపతి సాన్సమ్‌కు ఆర్థర్ పేరంటేనే గిట్టదు. అందుకని డెర్వెల్ సువార్తను శాక్సన్ భాషలోకి మారుస్తున్నానని చెప్పి, సాన్సమ్‌కు రాని ఆ భాషలోనే ఆర్థర్ కథ రాస్తుంటాడు. రాణి ఇగ్రెయిన్ మధ్యమధ్య వచ్చి రాసినంతవరకు తెలుసుకుని, లాన్సెలాట్ గురించి కవులు పాడింది ఇలా లేదే అని తగాదా పెట్టుకుంటుంది. ఈ లాన్సెలాట్ పిరికివాడు, కవులకు డబ్బిచ్చి తన పేరు పాడించుకున్నవాడు. నిజంగా జరిగింది గాథగా ఎలా మారుతుందో మన కళ్ల ముందే చూపిస్తాడు కార్న్‌వెల్, అదీ కథ ఆపకుండా.

మాయను ఇతను అసలు తీసేయలేదు, జనం నమ్మకంలో పెట్టాడు. యుద్ధానికి ముందు రెండు పక్షాల మంత్రగాళ్లూ మధ్యలోకి వచ్చి, ఒంటికాలి మీద గెంతుతూ, ఒక కన్ను మూసుకుని శత్రువుల్ని శపిస్తారు. యోధులు చెడు తగలకుండా ఇనుము ముట్టుకుంటారు. మెర్లిన్ శిష్యురాలు నిమువే పుర్రెలు గుచ్చిన కర్రలతో కట్టిన ‘దయ్యాల కంచె’ను దాటడానికి సాయుధులు జంకుతారు. కంచెలో శక్తి ఏమీ లేకపోయినా వాళ్ల భయం నిజం, ఆ భయం యుద్ధాన్ని మార్చడమూ నిజమే. మెర్లిన్‌కు శక్తులున్నాయా, లేక మనుషుల్ని చదవడంలో ఆరితేరిన గడుసు ముసలివాడా అన్నది చివరిదాకా తేల్చడు. డాలుకు డాలు తగిలించి నిలబడే పోరును ఇతనిలా రాసినవాళ్లు అరుదు: చేరువలో శత్రువు నోటి నుంచి కొట్టే సారా వాసన, కాళ్ల కింద జారే నేల, ముందుకు తోసే వెనక వరస.

ఇతని నవలల్లో కేర్ కడర్న్ అన్న కొండకోట నిజంగా ఉన్న చోటే. సోమర్సెట్‌లోని క్యాడ్‌బరీ కాసిల్ అది. పేరులో కాసిల్ ఉన్నా రాతికోట ఏమీ లేదు, కొండను చుట్టిన మట్టి గట్ల వరసలు ఉన్నాయి. జాన్ లేలండ్ 1540ల్లోనే ఇదే కేమలాట్ అని స్థానికులు చెబుతున్నట్టు రాశాడు. 1966-70 మధ్య లెస్లీ ఆల్కాక్ బృందం తవ్వితే, ఇనుప యుగపు కోటను ఐదో శతాబ్దం చివర్లో ఎవరో కలపతో, రాళ్లతో మళ్లీ బలపరిచారని తేలింది. పెద్ద చెక్క మందిరం ఆనవాళ్లు, మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చిన కుండల ముక్కలు కూడా దొరికాయి. ఆ ముక్కలు దూరం నుంచి సరుకు తెప్పించుకోగల నాయకుడు ఒకడు అక్కడ ఉన్నాడని మాత్రమే చెబుతాయి, పేరు చెప్పవు. నేను ఆ కొండ ఎక్కాను. పైన మేత మేసే పశువులు తప్ప చూడటానికేమీ లేదు, కానీ ఆకాశం తేటగా ఉంటే గ్లాస్టన్‌బరీ గుట్ట కనిపిస్తుంది. నవలలో కొండ మీది కాపలావాళ్లు ఎంత దూరం చూడగలరో, కబురు ఎంతసేపట్లో చేరుతుందో అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

గ్లాస్టన్‌బరీ కథ కూడా చెప్పాలి. 1191లో అక్కడి సన్యాసులు ఆర్థర్ సమాధి దొరికిందని ప్రకటించారు. అప్పటికి ఏడేళ్ల కిందటే వాళ్ల మఠం అగ్నిప్రమాదంలో కాలిపోయి ఉంది, కట్టడానికి డబ్బు కావాలి. 1278లో ఎడ్వర్డ్ రాజు వచ్చి ఆ ఎముకల్ని మళ్లీ సమాధి చేయించాడు. వేల్స్‌ను జయించే పనిలో ఉన్న రాజు అతను. ఆర్థర్ పోరాడింది ఇంగ్లిష్‌వాళ్ల పూర్వీకుల మీదే, అయినా ఓడిపోయిన జనం వీరుణ్ని గెలిచినవాళ్ల రాజులు తమవాణ్ని చేసుకున్నారు. ఈ నవలలు చదివేటప్పుడు అది గుర్తుంటే, కథలో ప్రతి విజయం వెనకా ఉన్న బాధ తెలుస్తుంది. బేడన్ తర్వాత ఒక తరానికి శాంతి దొరికింది, తర్వాత దేశం శాక్సన్లదే అయింది. మంచి రచయితలు ఎవరూ దాన్ని దాచరు.

మేరీ స్టూవర్ట్ నవలలు ‘ద క్రిస్టల్ కేవ్’ (1970)తో మొదలవుతాయి, మెర్లిన్ తానే చెబుతాడు. వీటిని పూర్తి వాస్తవికం అనలేం, ఎందుకంటే మెర్లిన్‌కు అప్పుడప్పుడు నిజంగానే జరగబోయేది కనిపిస్తుంది. మిగతాదంతా చదువు, లెక్కలు, ఇంజినీరింగ్. జెఫ్రీ కథలో మెర్లిన్ మందు ఇచ్చి, ఆర్థర్‌కు తండ్రి కాబోయే ఊథర్ రాజును అచ్చం గోర్లోయిస్ అనే ప్రభువులా మార్చేసి, టింటాజెల్ కోటలో అతని భార్య దగ్గరికి పంపిస్తాడు. స్టూవర్ట్ ఆ రాత్రిని మారువేషంతో, లోపలి మనిషి సాయంతో, సముద్రం వైపు నుంచి ఎక్కే ప్రమాదకరమైన దారితో నడిపించింది. చీకట్లో ఒక్కో అడుగూ లెక్కే, మంత్రం ఉంటే ఆ ఉత్కంఠ ఉండేది కాదు. స్టోన్‌హెంజ్ రాళ్లను మెర్లిన్ ఐర్లండ్ నుంచి తెచ్చాడన్న గాథను కూడా ఆమె తగ్గించి, ఒకే ఒక్క రాయి చేసింది. అసలు స్టోన్‌హెంజ్ పెద్ద రాళ్లు నిలబెట్టింది క్రీ.పూ. 2500 ప్రాంతంలో, మెర్లిన్ కాలానికి మూడు వేల ఏళ్ల ముందు. అయితే అక్కడి చిన్న రాళ్లు వేల్స్ నుంచి వచ్చాయని చాలాకాలంగా తెలుసు. మధ్యలో ఉన్న ఒక రాయి ఈశాన్య స్కాట్లండ్‌దని 2024లో తేల్చారు. దూరం నుంచి మోసుకొచ్చారన్న వరకు గాథలో నిజం ఉందన్నమాట.

ఆర్థర్ వైపు నుంచి చదివాక అవతలి వైపు కూడా చూడాలనుకుంటే ఆల్ఫ్రెడ్ డగ్గన్ ‘కాన్షెన్స్ ఆఫ్ ద కింగ్’ (1951) తీసుకోండి. వెసెక్స్ రాజ్యాన్ని స్థాపించిన సెర్డిక్ ఐదు ఓడల్లో 495లో దిగాడని ఆంగ్లో-శాక్సన్ వృత్తాంతం చెబుతుంది. శాక్సన్ రాజుకు బ్రిటన్ల భాషలోని పేరెందుకుంది అన్న చిక్కు చరిత్రకారుల్ని ఇప్పటికీ వేధిస్తూనే ఉంది. డగ్గన్ ఆ చిక్కునే కథ చేసి, రోమన్ బ్రిటన్‌లో పుట్టి పెరిగి, తన లాభం కోసం శాక్సన్ల వైపు దూకిన మనిషిగా అతన్ని రాశాడు. మనస్సాక్షి అనేదే లేని ఆ ముసలి రాజు గొంతు వింటుంటే ఒళ్లు జలదరిస్తుంది. చిన్న పుస్తకమే.

టి. హెచ్. వైట్, మేరియన్ జిమ్మర్ బ్రాడ్లీ పేర్లు ఎవరో ఒకరు మీకు తప్పకుండా చెబుతారు. ఇద్దరివీ చదవదగ్గ పుస్తకాలే, కానీ మీరు వెతుకుతున్నవి అవి కావు. వాటిలో మాయ కథకు ప్రాణం.

చదివేటప్పుడు ఒక చిన్న ఇబ్బంది ఉంటుంది: ఊళ్ల పేర్లు. సట్‌క్లిఫ్ రోమన్ పేర్లు వాడుతుంది, కార్న్‌వెల్ ఎక్కువగా వేల్స్ పేర్లు. వెంటా అంటే వించెస్టర్, ఎబొరాకమ్ అంటే యార్క్, యనిస్ విద్రిన్ అంటే గ్లాస్టన్‌బరీ. పక్కన ఒక మ్యాప్ పెట్టుకోండి, యాభై పేజీలు దాటేసరికి అలవాటైపోతుంది.

ఇక అమ్మాయి సంగతి. కార్న్‌వెల్ పుస్తకాలు ఇప్పుడే ఇవ్వకండి. అత్యాచారాలు, నరబలులు ఉన్నాయి, అదీ మొదటి పుస్తకంలోనే. ‘స్వోర్డ్ ఎట్ సన్‌సెట్’ కూడా పెద్దవాళ్ల కోసం రాసిందే. ఆర్థర్ కొడుకు మెద్రౌత్ పుట్టుక వెనక ఉన్నది, తెలియక జరిగిన అక్కాతమ్ముళ్ల కలయిక, సట్‌క్లిఫ్ దాన్ని దాటవేయలేదు. తనకు ‘ద లాంటర్న్ బేరర్స్’ ఇవ్వండి. సట్‌క్లిఫ్ పిల్లల కోసం 1959లో రాసింది, ఆ ఏడాది కార్నెగీ మెడల్ దీనికే వచ్చింది. చివరి రోమన్ దళం ఓడ ఎక్కి వెళ్లిపోతుంటే, అక్విలా అనే యువ సైనికుడు పుట్టిన నేలను వదల్లేక దళం నుంచి తప్పించుకుని వెనక ఉండిపోతాడు. ఆ రాత్రి రుతూపియే రేవు దీపస్తంభాన్ని ఒక్కడే చివరిసారి వెలిగిస్తాడు. తర్వాత శాక్సన్లు ఇంటి మీద పడతారు, చెల్లెల్ని ఎత్తుకుపోతారు, అతను బానిసవుతాడు. కోపాన్ని మోసుకుంటూ పెద్దవాడైన మనిషి కథ ఇది, తొమ్మిదో తరగతి పిల్లకు బాగా పడుతుంది. అంబ్రోసియస్ ఇందులో ఉన్నాడు, కుర్ర అర్టోస్ కూడా ఉన్నాడు. ‘స్వోర్డ్ ఎట్ సన్‌సెట్’ సరిగ్గా ఇది ఆగిన దగ్గర అందుకుంటుంది కాబట్టి, వీలైతే మీరూ దీన్నే ముందు చదవండి.

అది నచ్చితే తర్వాత ‘ద షైనింగ్ కంపెనీ’ (1990) ఇవ్వండి. ఎడిన్‌బరా రాజు మునద్దోగ్ మూడు వందల మంది యోధుల్ని ఏడాది పాటు పోషించి, తర్ఫీదు ఇచ్చి, క్రీ.శ. 600 ప్రాంతంలో కాత్రేత్ మీదికి పంపిన కథ. దానికి ఆధారం ‘గొడోద్దిన్’ అనే పాత వేల్స్ కావ్యం. దాదాపు ఎవరూ తిరిగి రాలేదు. ఆ కావ్యంలో ఒక యోధుణ్ని పొగుడుతూ, అతను ఆర్థర్ అంతటివాడు కాకపోయినా అని ఒక ముక్క ఉంటుంది. ఆ ముక్క నిజంగా అంత పాతదైతే, ఆర్థర్ పేరు మనకు దొరికే మొదటి చోటు అదే.